పెట్ట వయస్సు - గ్రుడ్డు గుణము



అంగడిలో కోడిగ్రుడ్లు కొనవచ్చిన ఇల్లాలు ఒక్కొక్క గ్రుడ్డును చేతిలోకి తీసికొని, బరువు చూచి, వెలుతురునకు ఎదురుగా పట్టి, చెవి దగ్గర మెల్లగా ఆడించి, అది ఎన్నాళ్ళ క్రిందట పెట్టినదో ఊహించుటకు ప్రయత్నించును. మంచి అలవాటే. కాని ఆ గ్రుడ్డు పెట్టిన పెట్టకు వయస్సెంత యని అడిగినవారిని నేనింతవరకు చూడలేదు. అడిగినను దుకాణదారు చెప్పగలడను నమ్మకమును లేదు. గ్రుడ్డు వయస్సును దినములలో లెక్కింతుము, పెట్ట వయస్సును వారములలో లెక్కింతుము. మొదటిదానిని గూర్చి ఇంత శ్రద్ధ చూపు మనము ఏమాత్రమును పట్టించుకొనని ఆ రెండవదియే గ్రుడ్డు పరిమాణమును, పెంకు గట్టిదనమును, లోని సొన చిక్కదనమును చాలవరకు నిర్ణయించుచున్నది.

పెద్ద గ్రుడ్డు కనబడినచో దానినే ఏరుకొనుట మనకు సహజము. ఒకే వెలకు రెండు గ్రుడ్లు ఎదుట నున్నప్పుడు చిన్నదానిని తీసికొనువారెవరు? అయితే ఆ పెద్దది తరచుగా వయస్సు మీరిన పెట్ట పెట్టినది. దాని పెంకు పలుచన, తెల్లసొనయు పలుచన. చిన్నది పడుచుపెట్ట పెట్టినది; దాని పెంకు బిగువు, సొనయు బిగువు. గ్రుడ్డు పెరిగినకొలది దాని సత్తువ తగ్గుట ఎందువలననో, ఆ తగ్గుదలను పెంపకందారు ఎంతవరకు నిలుపగలడో, ఎక్కడ నిలుపలేడో ఈనాటి ప్రసంగములో కొంత విచారింతము.

పెట్ట ముసలిదైనకొలది గ్రుడ్లు తగ్గునన్నది అందరెరిగిన మాట. కడుపులోని అండములు అయిపోవుటచేతనే తగ్గునని పల్లెలలో కొందరు చెప్పుదురు. అది సరికాదు. పెట్టపిల్ల పుట్టునాటికే దాని ఎడమవైపు అండాశయమునందు కంటికి కనబడని అండబీజములు వేలకొలది కుదురుకొని యుండును. కుడివైపు అండాశయము పిండదశయందే ఎదుగుట మాని నామమాత్రముగా మిగిలిపోవును. ఎంతటి గొప్ప జాతి పెట్టయైనను ఆ వేలలో కొన్ని వందలను మాత్రమే గ్రుడ్లుగా మార్చగలదు. తక్కినవన్నియు దానితోడనే నశించును. కావున నిలువకు కొరత లేదు. కొరత వచ్చునది ఆ నిలువను వెలికి తెచ్చు వేగమునందు.

ఆ వేగము సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను. పక్వమైన పచ్చసొన అండాశయమునుండి జారి, అండవాహిక యను పొడవైన గొట్టములో ప్రవేశించి, సుమారు 3 గంటలు తెల్లసొన కప్పుకొనుటయందును, గంటకు పైగా లోపొరలు తొడుగుకొనుటయందును, 18 మొదలు 20 గంటల కాలము పెంకు పోసికొనుటయందును గడపి, మొత్తము మీద 24 మొదలు 26 గంటలలో గ్రుడ్డై వెలుపలికి వచ్చును. అది వచ్చిన అరగంటకు మరియొక సొన జారును. ఈ ప్రయాణము సరిగా ఒక దినములో ముగిసినచో పెట్ట ప్రతిదినమును అదేవేళకు గ్రుడ్డు పెట్టుచుండును. గంటయో గంటన్నరయో ఎక్కువ పట్టినచో, ఈదినము ఉదయము 7 గంటలకు పెట్టినది రేపు 8 దాటిన పిమ్మటను, ఎల్లుండి 10 గంటల ప్రాంతమునను, ఆ మరునాడు మధ్యాహ్నమునను పెట్టును. సొనను జారవిడువుమని దేహమునకు ఆజ్ఞ యిచ్చు రసములు రక్తములో పొంగువేళ రాత్రి చీకటితో ముడివడి యుండుటచేత, ఇట్లు జరిగి జరిగి ఆ వేళ తప్పిపోయిన నాడు పెట్టకు సెలవుదినము. మరునాటి ఉదయము మరల వరుస మొదలగును. మంచి పడుచుపెట్ట నెలదినములు విడువక పెట్టుటయు కలదు. అదే పెట్టకు ఏడాదిన్నర దాటునప్పటికి మూడు నాలుగు గ్రుడ్లకొక విరామము, మరికొంత కాలమునకు రెండింటికొక విరామము వచ్చుచుండును. గ్రుడ్ల సంఖ్య తగ్గినదని మనమనునది ఈ సెలవుదినములు పెరుగుటయే.

అడవికోడి ఏడాదికి పది పదిహేను గ్రుడ్లకు మించక పెట్టును. వానిని పొదిగి పిల్లలను చేసికొనుటయే దాని ప్రయోజనము. మన పెరటి నాటుపెట్ట, పెట్టుట కొన్నాళ్ళు, పొదుగుట కొన్నాళ్ళు, పిల్లలను త్రిప్పుకొనుట కొన్నాళ్ళుగా కాలము గడపుచు, ఏడాదికి 60 మొదలు 80 గ్రుడ్ల వరకు ఇచ్చును. తెల్ల లెగ్‌హారన్ జాతినుండి తరతరములుగా ఏరి, పొదుగు బుద్ధిని దాదాపుగా నిర్మూలించి తయారుచేసిన నేటి ఫారపు పెట్ట 72 వారముల వయస్సు నిండునప్పటికి 300కు పైగా పెట్టుచున్నది. దేశములో 1950-51లో 183 కోట్లుగా నుండిన గ్రుడ్ల ఉత్పత్తి 2022-23 నాటికి 13,838 కోట్లకు పెరిగినది. ఆ ఏట అందు అయిదవవంతు ఆంధ్రప్రదేశమునుండియే వచ్చినది. ఆంధ్రమును, తెలంగాణమును కలిపి చూచినచో దేశములోని ప్రతి మూడు గ్రుడ్లలో ఒకటి మన తెలుగునాట పెట్టినదే.

ఈ ఫారపు పెట్ట జీవితరేఖను ఒకసారి పరికింతము. అనపర్తి, తణుకు ప్రాంతముల ఫారములలో ఏ యజమానినడిగినను ఈ రేఖను నోటిలెక్కగా చెప్పగలడు. 18 వారముల వయస్సున మొదటి గ్రుడ్లు కనబడును. 20 వారములకు మందలో సగము వరకు పెట్ట నారంభించును. అక్కడనుండి ఎక్కుడు బహు వేగము. 26 మొదలు 30 వారముల నడుమ నూరు పెట్టలకు 93, 95 గ్రుడ్ల చొప్పున దినదినమును వచ్చుచుండును. ఆ శిఖరముపై కొన్ని వారములు నిలిచి, అటుపిమ్మట వారమునకు అర శాతమో, కొంచెము తక్కువయో చొప్పున మెల్లగా దిగజొచ్చును. 72 వారములకు నూటికి 75, 80 గ్రుడ్లు నిలిచినచో ఆ మంద బాగుగా నడచినట్లే. ఎక్కుటకు పట్టినది రెండు నెలలు, దిగుటకు పట్టునది ఏడాది. ఎక్కునప్పుడు జరిగిన పొరపాటును దిగునప్పుడు దిద్దుకొందమనుట కల్ల. శిఖరము తగ్గిన మందకు తరువాతి రేఖయంతయు ఆ తగ్గిన మేరకు క్రిందుగానే సాగిపోవును.

అందుచేత బుద్ధిమంతుడైన పెంపకందారు పెట్ట ముసలితనమునకు వైద్యమును దాని బాల్యమునందే మొదలుపెట్టును. దేహము తగిన బరువునకు రాకమునుపే వెలుతురు పెంచి తొందరపెట్టినచో పెట్ట ముందుగా పెట్టును గాని, చిన్న గ్రుడ్లు పెట్టుచు, గర్భద్వారము బయటికి వచ్చు ఉపద్రవమునకు లోనగును. కోడికి వెలుతురు కంటితో మాత్రమే గాక పుర్రె యెముకగుండ నేరుగా మెదడులోని ఒక భాగమునకు సోకి, అండాశయమును మేలుకొలుపును. ఎదుగు పిల్లకు దినము పొడవు పెరుగరాదు. పెట్టు పెట్టకు దినము పొడవు తరుగరాదు. ఫారములలో దీపములు పెట్టి పగటిని 16 గంటల వరకు సాగదీయుట ఈ రెండవ సూత్రమును బట్టియే.

ఇక గ్రుడ్డు పరిమాణము. తొలి గ్రుడ్డు 40 గ్రాముల పైచిలుకు; శిఖరదశలో 52, 53 గ్రాములు; ఏడాదిన్నర వయస్సున 58, 60 గ్రాములు. ఈ పెరుగుదల కొక చక్కని కారణము కలదు. పచ్చసొన పదార్థమును తయారుచేయునది పెట్ట కాలేయము. వయస్సు పెరిగినకొలది అండాశయములో ఒకేసారి ఎదుగు సొనల సంఖ్య తగ్గును. కాలేయము పంపు పదార్థము మాత్రము అంతగా తగ్గదు. కావున ఆ పదార్థమంతయు కొద్ది సొనలకే చేరి ఒక్కొక్కటి పెద్దదగును. పెద్ద సొన చుట్టును పెద్ద గ్రుడ్డు ఏర్పడును. అనగా గ్రుడ్లు తగ్గుటయు, గ్రుడ్డు పెరుగుటయు వేరువేరు సంగతులు కావు. ఒకే మార్పునకు రెండు ముఖములు. పడుచుపెట్ట తొలిదినములలో అప్పుడప్పుడు రెండు సొనల గ్రుడ్డు పెట్టి పిల్లలకు వేడుక గొలుపును. రెండు సొనలు ఒకేసారి జారుటచేత కలుగు తొందరపాటది. దేహము కుదుటపడినకొలది మాయమగును.

సొన పెరిగినది, గ్రుడ్డు పెరిగినది, పెంకు పెరుగవలదా? ఇక్కడనే చిక్కు. పెంకు బరువు అయిదారు గ్రాములు. అందు నూటికి 94 పాళ్ళు కాల్షియం కార్బొనేటు. పెట్ట ఒక పెంకునకై వెచ్చించు సున్నము మొదటి ఏడాదిలో ఎంతయో, ఏడాదిన్నర వయస్సునను ఇంచుమించుగా అంతే. బానెడు సున్నముతో చిన్న గోడకు రెండు పూతలు పూయవచ్చును. అదే బానెడుతో పెద్ద గోడకు పూసినచో లోని ఇటుక కనబడును. మిల్లీమీటరులో మూడవవంతు మందము నుండిన పెంకు అంతకంటె పలుచనై, 60 వారములు దాటిన మందలో పగుళ్ళ గ్రుడ్లు ఏరివేయు గంప నానాటికి నిండుచు వచ్చును. పెంకు లేక తోలుపొరతోనే వెలువడు తోలుగ్రుడ్లును ఆ కాలమున ఎక్కువగును.

పెట్ట ఈ సున్నమును ఎక్కడనుండి తెచ్చుచున్నదో ఆలోచించినచో మనకు దానిపై జాలియు, గౌరవమును కలుగక మానవు. ఒక్క పెంకునకు రెండు గ్రాములకు పైగా కాల్షియము కావలెను. పెట్ట అస్థిపంజరమంతటిలో నుండునది 20 గ్రాముల ప్రాంతము. అనగా గ్రుడ్డు పెట్టిన ప్రతిదినమును తన యెముకలలో పదవవంతునకు సరియైన సున్నమును అది బయటికి పంపివేయుచున్నది; ఏడాదికి 300 గ్రుడ్లు పెట్టినది తన యెముకలకు ముప్పదిరెట్ల సున్నమును దేహముగుండ నడపినట్లు. అంతటితో ఆగలేదు. పెంకు పోసికొనుట ప్రధానముగా రాత్రివేళ. మేత మేయుట పగటివేళ. రాత్రి గడచినకొలది పేగులలోని సున్నము తరిగిపోవును. అప్పుడు పెట్ట తన పొడవైన యెముకల నడుమ, ఇందుకొరకే పేర్చియుంచుకొనిన ఒక మెత్తని యెముక పదార్థమును కరగించి పెంకునకు పంపి, తెల్లవారిన పిమ్మట మేతతో ఆ లోటు పూడ్చుకొనును. పడుచుతనమున ఈ అప్పును ఏనాటికానాడు తీర్చుకొనును. వయస్సు మీరినకొలది పేగులు సున్నమును పీల్చుకొను శక్తి తగ్గి, అప్పు నిలువయగును. పెంకు పలుచనైన పిమ్మట కూడ పెట్టుట మానని పెట్ట ఒకనాడు కాళ్ళపై నిలువలేక పంజరములో కూలబడుట పెంపకందారులకు పరిచితమైన దృశ్యమే.

దీనికి చేయదగిన చికిత్స కొంత కలదు. సముద్రపు గుల్లను గాని సున్నపురాతిని గాని మెత్తని పిండిగా నూరక, జొన్నగింజ పరిమాణము పలుకులుగా చేసి, వయస్సు మీరిన మందకు సాయంకాలపు దాణాలో కలుపుట మేలు. పిండి త్వరగా కరగి పోవును. పలుకు పెట్ట కడుపులోని కందనకాయలో రాత్రియంతయు మెల్లగా కరగుచు, పెంకు తయారగు వేళకు అందుబాటులో నుండును. అయితే సున్నము మంచిదే గదా యని ఇంకను పెట్టనారంభింపని పిల్లలకు ఇదే పాలు పెట్టినచో మూత్రపిండములు చెడును. ఇంకొక ఉపాయము వినుటకు విపరీతముగా తోచును. ముసలిమందకు దాణాలో మాంసకృత్తులను, నూనె సారమును జాగ్రత్తగా కొంచెము తగ్గింతురు. బలము తగ్గింపుటకు గాదు. గ్రుడ్డును మరి పెరుగనీయకుండుటకు. గోడను పెరుగనీయకున్న సున్నము చాలునను యుక్తి యిది.

మన దేశములో వేసవి మరియొక శత్రువు. ఎండలకు పేరుపడిన రెంటచింతల మాట యటుండ, గోదావరి తీరమున సైతము మే నెల మధ్యాహ్నము కోడికి దుర్భరము. చెమటగ్రంథులు లేని ఆ ప్రాణి నోరు తెరచి రొప్పుచు వేడిని వెడలగొట్టును. ఆ రొప్పుటలో రక్తములోని బొగ్గుపులుసు వాయువు అధికముగా బయటికి పోవును. పెంకులోని కార్బొనేటుకు మూలము ఆ వాయువే యగుటచేత, మేతలో సున్నమెంత యున్నను పెంకు పలుచనగును. దానికి తోడు ఎండకు కోడి మేతయు తినదు. వేసవిలో పడుచుమందకే ఈ ఇక్కట్లు. 70 వారముల మందకు వేసవి వచ్చినచో రెండు దెబ్బలు ఒకేసారి తగిలినట్లు. ఇట్లు పెంకు పలుచనైన గ్రుడ్డు దూరప్రయాణమునకు ఓర్వదు. గోదావరి జిల్లాల గ్రుడ్లు లారీలలో కలకత్తాకును, బీహారు, అస్సాము రాష్ట్రములకును పోవుచున్నవి. అంతటి దూరమునకు పడుచుమంద గ్రుడ్లను పంపి, ముసలిమంద గ్రుడ్లను దగ్గర ఊళ్ళలో అమ్ముకొనుట వివేకమని నా అభిప్రాయము. అమ్మకము తూకమునకు గాక లెక్కకు జరుగుచున్నంత కాలము పెద్ద గ్రుడ్డునకు విధిగా ఎక్కువ ధర వచ్చుననుకొనుట కేవలము ఆశ. డాక్టర్ బి.వి.రావు చొరవతో 1982లో ఏర్పడిన నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ పత్రికలలో ప్రకటింపజేయు వెలలు నేటికిని నూరు గ్రుడ్లకు ఇంత యనియే యుండును.

పెంకు విడిచి లోపలికి పోదము. గ్రుడ్డును పళ్ళెములో పగులగొట్టినప్పుడు పచ్చసొన గుండ్రముగా పైకి నిలిచి, దాని చుట్టును చిక్కని తెల్లసొన ఒక దిబ్బవలె లేచియుండుట మేలైన గ్రుడ్డు లక్షణము. 1937లో రేమండ్ హా అను అమెరికా శాస్త్రజ్ఞుడు, ఈ చిక్కని సొన ఎత్తును కొలిచి, గ్రుడ్డు బరువుతో సరిచూచి, ఒక అంకెగా చెప్పు విధానమును కనిపెట్టెను. హా యూనిట్లని నేటికిని ప్రపంచమంతట వ్యవహరింపబడు ఆ కొలతలో, పడుచుపెట్ట అప్పుడే పెట్టిన గ్రుడ్డునకు 90 దాటియు, ఏడాదిన్నర పెట్ట గ్రుడ్డునకు 80కి అటునిటుగను వచ్చుచుండును. నెలనెలకు ఒకటి రెండు పాళ్ళు తరుగుట సామాన్యము. దాణా మార్చి ఈ తరుగుదలను ఆపుట కష్టము. పెంకు విషయమున మన చేతిలో కొంత యున్నది గాని, తెల్లసొన విషయమున వయస్సుదే పైచేయి.

ఇక్కడ గ్రుడ్డు వయస్సు, పెట్ట వయస్సు ఒకదానితో నొకటి చేరి మనలను భ్రమపెట్టును. ఎంత పడుచుపెట్ట గ్రుడ్డైనను, ఎండలో అంగడి అరుగుపై వారము దినములు కూర్చున్నచో తెల్లసొన నీరగును. ముసలిపెట్ట గ్రుడ్డైనను పెట్టిన నాటి సాయంకాలమునకే చల్లని చోట చేర్చినచో పెక్కు దినములు మర్యాదగా నిలుచును. ముసలిపెట్ట గ్రుడ్డు ప్రయాణమును పలుచని సొనతో ఆరంభించును గనుక, ఆలస్యమును సహించు అవకాశము దానికి తక్కువ, అంతే భేదము. నీటిలో వేసినప్పుడు అడుగున పడుకొనక నిలుచుండు గ్రుడ్డు, లోని గాలిగది పెరిగినదని, అనగా తాను పాతబడితినని చెప్పును గాని, తన తల్లి వయస్సును మాత్రము చెప్పదు. ఇంకొక్క మాట. ఉడుకబెట్టినప్పుడు పెంకు ఊడిరాక సొనతో అంటుకొని చిరాకు పెట్టు గ్రుడ్డును చూచి పాతదని తిట్టు ఇల్లాండ్రు కలరు. నిజమునకు అది మరీ క్రొత్తది. నాలుగు దినములు నిలిచిన గ్రుడ్డే సులభముగా ఒలిచికొనవచ్చును.

ముసలిపెట్ట గ్రుడ్డు తినుటకు పనికిరాదా? అట్లనుట అన్యాయము. మాంసకృత్తులలో గాని, విటమినులలో గాని పెట్ట వయస్సువలన చెప్పుకోదగిన లోపము లేదు. పైగా పచ్చసొన పాలు కొంత యెక్కువ. అప్పుడప్పుడు పచ్చసొనపై ఎఱ్ఱని చుక్క కనబడును. సొన జారునప్పుడు సన్నని రక్తనాళము చిట్లుటచేత ఏర్పడిన మరక అది. వయస్సు పెరిగినకొలది ఇవి కొంచెము హెచ్చు. గ్రుడ్డులో పిల్ల ఉన్నదని భయపడి పారవేయువారు ఆ చుక్కను చెంచాతో తీసివేసిన చాలును. పులుసునకును, కూరకును, అట్టునకును ముసలిపెట్ట గ్రుడ్డు ఏ విధముగను తీసిపోదు. సొన చెదరక నిలువవలసిన వంటలకు మాత్రము పడుచుపెట్ట గ్రుడ్డే శోభించును. 45 మొదలు 52 గ్రాముల నడుమ నుండు గ్రుడ్లను అగ్‌మార్క్ లెక్కలో మధ్యమ తరగతి యందురు. పెంకు గట్టిదనము, సొన బిగువు, తినదగినంత పరిమాణము మూడును కూడివచ్చునది ఆ తరగతియందే యని నా నమ్మకము. లోకము దానిని చిన్నచూపు చూచుచున్నది.

ఏడాదిన్నర వయస్సు ప్రాంతమున ప్రకృతి తానే పెట్టకు ఒక విశ్రాంతి కల్పించును. పగళ్ళు కురచయగు కాలమున పెట్ట పాత యీకలు రాల్చి, గ్రుడ్లు మాని, రెండు మూడు నెలలు మూలన కూర్చుండి, క్రొత్త యీకలు తొడిగి మరల పెట్టనారంభించును. ఆ విశ్రాంతిలో అండవాహికలోని క్రొవ్వు కరగి, దాని గ్రంథులు క్రొత్తవగును. యెముకలు సున్నమును కూడబెట్టుకొనును. మరల పెట్టిన గ్రుడ్లకు పెంకు గట్టిపడును, సొనయు చిక్కబడును. మొదటి ఏటి స్థాయికి మాత్రము రావు; రెండవ ఏట గ్రుడ్లు మొదటి ఏటిలో నూటికి 80 వంతులకు మించుట అరుదు. ఈ రహస్యమును కనిపెట్టి, ఫారములవారు కొందరు పెట్టలకు దినములకొలది మేత మాన్పి, ఒక్కొక్కప్పుడు నీరును మాన్పి, బలవంతముగా ఈకలు రాల్పించుచుండిరి. 2011లో భారత జంతు సంక్షేమ మండలి ఈ పద్ధతి 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమునకు విరుద్ధమని ప్రకటించెను. మేత మాన్పకయే, సారము తక్కువగు తవుడు వంటి దాణాతో విశ్రాంతి కల్పించు మార్గములున్నవి. తన యెముకలను కరగించి మనకు పెంకులు పోసిన ప్రాణికి ఆకలిని బహుమతిగా ఇచ్చుట ఏ లాభనష్టముల పట్టికతోను సమర్థింపరాదు.

పెరటిలో నాలుగు పెట్టలు పెంచుకొనువారికి వారముల లెక్కలుండవు. వారికి పెట్ట దేహమే పంచాంగము. పెట్టుచున్న పెట్ట జుట్టు ఎఱ్ఱగా, నిగనిగలాడుచు, తాకిన వెచ్చగా నుండును. మానినదాని జుట్టు ముడుతపడి పాలిపోవును. వెనుక భాగమున కటి యెముకల కొనల నడుమ రెండు మూడు వ్రేళ్ళు పట్టినచో అది పెట్టునది. ఒక వ్రేలు పట్టుట కష్టమైనచో మానినది. పచ్చని ముక్కు, పచ్చని కాళ్ళు గల జాతులలో ఇంకొక గుర్తు కలదు. పెట్టుచున్నకొలది ఆ పసుపు రంగు పచ్చసొనలకు పోయి, ముందు గర్భద్వారమునుండియు, తరువాత కంటి చుట్టునుండియు, ముక్కునుండియు, చివరకు కాళ్ళనుండియు వెలిసిపోవును. పెట్టుట మానినచో అదే వరుసలో తిరిగి వచ్చును. కాళ్ళు తెల్లబడిన పెట్టను రోగిష్ఠిదని అమ్మివేసి, కాళ్ళు పసుపుగా మెరయు సోమరిపెట్టను ఉంచుకొనువారి నేమనవలెను? ఈకలు రాల్చు తీరు సైతము చూడదగినది. అన్నిటికంటె ముందుగా ఈకలు రాల్చి, నింపాదిగా నెలలకొలది బోడిగా తిరుగునది పెట్టుటయందును నింపాదియే. ఆలస్యముగా రాల్చి, ఒక్కుమ్మడిగా రాల్చి, త్వరగా తొడుగుకొనునది మంచి పెట్ట. చూపునకు చినిగిన చాపవలె నున్న ఆ పెట్టనే పొరుగువారు తక్కువ వెలకు అడుగుదురు, ఇయ్యవలదు.

ఫారము లెక్కకును, పెరటి లెక్కకును వయస్సు ఒకే అర్థమునీయదు. ఫారపు పెట్ట దినమునకు 110 గ్రాముల ప్రాంతము దాణా తినును. పెట్టినను తినును, పెట్టకున్నను దాదాపుగా అంతయు తినును. ఫారము ఖర్చులో నూటికి 70 వంతులు ఆ దాణాయే. నూరు పెట్టలకు 60 గ్రుడ్లు వచ్చు మందను ఉంచుకొనుట, మొక్కజొన్న వెల హెచ్చిన ఏట, నష్టమును మేపుట యగును. అందుచేత పూర్వము 72 వారములకే మందను తీసివేయుచుండిరి; నేడు జాతులు మెరుగుపడుటచేత 80 వారములును, ఇంకను పైకిని సాగనిచ్చుచున్నారు. పెరటి పెట్ట సంగతి వేరు. కళ్ళములో రాలిన గింజలు, పెంటకుప్పలోని పురుగులు, వంటయింటి మెతుకులు దాని మేత. దానికై చేసిన ఖర్చు గంపెడు నూకలకు మించదు. రెండవ ఏట 40 గ్రుడ్లు పెట్టినను అది లాభమే. మూడవ ఏట కూడ దానికొక ఉద్యోగము కలదు. పొదుగుటయందును, పిల్లలను గ్రద్దనుండియు, కాకినుండియు కాచుటయందును మూడేండ్ల పెట్టకు సరివచ్చునది లేదు.

అయితే పొదుగబెట్టునప్పుడు దాని క్రింద దాని గ్రుడ్లనే పెట్టవలెనను నియమమేమియు లేదు. ముసలిపెట్ట గ్రుడ్డులో పిండము తొలిదినములలోనే చచ్చుట యెక్కువ. తొలిసారి పెట్టుచున్న పడుచుపెట్ట గ్రుడ్డు చిన్నది. పిల్ల బరువు గ్రుడ్డు బరువులో మూడింట రెండు వంతులు మాత్రమే యగుటచేత ఆ పిల్లయు చిన్నదై, చలికి తట్టుకొనజాలదు. పెట్టనారంభించి మూడు నాలుగు నెలలైన పెట్ట, అనగా ఎనిమిది మొదలు పన్నెండు నెలల వయస్సుది, గ్రుడ్లిచ్చుటకు తగినది. అట్టిదాని గ్రుడ్లలో వారము దాటనివి, నునుపైన పెంకు గలవి, మరి పెద్దవియు మరి చిన్నవియు కానివి పది పన్నెండు ఏరి, మూడేండ్ల పెట్ట క్రింద సాయంకాలము పెట్టవలెను. ఏడవ నాటి రాత్రి చీకటిలో ఒక్కొక్కటి దీపమునకు ఎదురుగా పట్టి చూచినచో, పిండము పట్టినదానిలో సాలెగూడువంటి ఎఱ్ఱని నరములు కనబడును. ఏమియు కనబడక తేటగా నున్నదానిని తీసివేయవచ్చును. పెట్ట మేతకు లేచినప్పుడు గూటి దగ్గర నీరు సిద్ధముగా నుండవలెను. పందొమ్మిదవ నాటినుండి గ్రుడ్లను చేతితో కదపరాదు. 21 దినములకు పిల్లలు వచ్చును.